మాది పెడితే వాళ్లది రాదు

నిజామాబాద్‌లో మా ఇంటికి రెండు గేట్లుండేవి. రెండు గేట్ల పక్కనా రెండు నల్ల రాతిపలకలు, రెండింటి మీదా చెక్కిన పేరు ఒకటే, మా తాతది. చుట్టాలు మొదటిసారి వస్తే ఒక గేటు ముందు ఆగి, పక్క గేటు చూసి, మళ్లీ మొదటిది చూసి, చివరికి ఎదురుగా ఉన్న కిరాణా కొట్లో అడిగేవాళ్లు. పోస్ట్‌మ్యాన్ ఆ శ్రమ కూడా పడేవాడు కాదు. సైకిల్ ఏ గేటు దగ్గర ఆగితే అందులో ఉత్తరాలు పడేసి పోయేవాడు.

నిజానికి ఇల్లు ఒకటే. దాని నడుమ గోడ లేచింది. బోధన్ దిక్కున మాకున్న పొలంలో చెరుకు తీసేసి పసుపు వేద్దామన్నాడు మా బాపు. నాయిన పెట్టిన చెరుకు తీయడానికి వీల్లేదన్నాడు ఆయన తమ్ముడు, మా కాక. తాత అప్పటికే లేడు కాబట్టి తీర్పు చెప్పే మనిషి లేకపోయాడు. పొలం పంచుకున్నారు, అదే ఊపులో ఇల్లూ పంచుకున్నారు. హాలు మధ్య నుంచి వాకిలి దాకా ఇటుకల గోడ కట్టించి ఆ రోజుతో మాటలు బంద్ పెట్టారు. తాత పేరును మాత్రం ఇద్దరిలో ఎవరూ వదులుకోలేదు. ఆ రెండు పలకలూ అట్లా వచ్చినవే.

తమ తల్లిని, అంటే మా అవ్వను, ఎట్లా పంచుకోవాలో తెలియక వంతులు పెట్టారు. ఒక అమావాస్య నుంచి మరో అమావాస్య దాకా మా ఇంట్లో, ఆ తర్వాత కాక ఇంట్లో. వంతు మారే రోజు బాపు ఆమెను మా గేటు దాకా తెచ్చి ఆగిపోయేవాడు. పక్క గేటు దగ్గర కాక నిలబడి కరెంటు స్తంభాన్ని చూస్తుండేవాడు. మధ్యలో ఆ కాస్త వీధిని నేనూ, కాక బిడ్డ అయిన మా చెల్లే చెరో చెయ్యి పట్టుకుని అవ్వ చేత దాటించేవాళ్లం. వెనక ఆటోలు హారన్ కొడుతుంటే అవ్వ మోకాళ్లు పట్టుకుని ఆగి, "గీ ఇంట్లకెళ్లి గా ఇంట్లకు పోనీకి సడక్ మీదికి రావాల్నా" అని గొణిగేది. ఒక ఇంటి కబురు ఇంకో ఇంటికి చేరాలన్నా అవ్వే దిక్కు. "వానికి చెప్పు" అని బాపు ఏదైనా అంటే, ఆ మాట వంతు మారేదాకా ఆమె కొంగునే ఉండేది.

రెండు వేలు దాటి నాలుగైదేళ్లయిన రోజులవి. బస్టాండ్ దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటర్ మూతపడి, అందులోని పాత కంప్యూటర్లు అమ్మకానికి పెట్టారు. చెల్లె డిగ్రీ చదువుకని కాక ఒకటి కొన్నాడు. సాయంత్రానికల్లా ఆ సంగతి బాపు చెవిన పడింది. మర్నాడు మా ఇంట్లోకీ ఒకటి వచ్చింది, అచ్చం దాని తోబుట్టువు. అప్పటికే ఊళ్లో వాళ్లంతా కొత్త సిస్టంలకు మారిపోయారు. మా రెండింటిలో ఉన్నది తొంభై ఎనిమిది నాటిది. "నైంటీ ఎయిట్" అన్నామంటే షాపుల్లో వాళ్లు పోయినవాళ్ల ఊసెత్తినట్టు మొహం పెట్టేవాళ్లు. బాపు మాత్రం దానికి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాడు.

బిగించడానికి వచ్చినతను, "దీనికో పేరు పెట్టాలె సార్. ఏం పెట్టమంటరు?" అని అడిగాడు.

"ఇంకేం పేరు? మా నాయిన పేరే పెట్టు" అన్నాడు బాపు, ఆలోచించకుండానే.

కంప్యూటర్‌కు పేరెందుకో నాకు అర్థం కాలేదు. లారీలకూ కిరాణా కొట్లకూ ఉన్నట్టే దీనికీ ఉంటుంది కాబోలనుకుని మర్చిపోయాను.

ఇంటి ఫోను లైను తాత కాలం నాటిది. పంపకాల్లో అది కాక దిక్కు పడింది, ఇంటర్నెట్ కూడా దానికే వచ్చింది. బాపుది పసుపు మార్కెట్ యార్డులో కమీషన్ వ్యాపారం. మహారాష్ట్రలో పెద్ద పసుపు మార్కెట్ ఉన్న సాంగ్లీలో ఏ ధర పలుకుతోందో పొద్దున్నే ఇంట్లో కూర్చుని చూడొచ్చని ఎవరో చెప్పిన దగ్గర్నుంచి ఆయన మనసు మనసులో లేదు. కొత్త లైను అడిగితే ఇప్పట్లో రాదన్నారు. ఇక తప్పక అవ్వ కొంగున కబురు కట్టి పంపాడు. మళ్లీ వంతు మారాక జవాబు వచ్చింది.

"పోరగాండ్ల సదువుకైతే తీసుకొమ్మన్నడు" అంది అవ్వ. "నీ కోసం కాదంట. గది గూడ చెప్పుమన్నడు."

గోడ అడుగున పాత నీళ్ల పైపు తీసేసిన చోట ఒక కన్నం మిగిలి ఉండేది. ఇంటర్నెట్ పెట్టె కాక ఇంట్లో ఉంటుంది, దాని నుంచి రెండు కంప్యూటర్లకూ చెరో తీగ. మాది ఆ కన్నంలోంచి నీలం రంగులో మెల్లగా బయటికి వస్తుంటే నాకు చెప్పలేనంత సంతోషమైంది. సాంగ్లీ ధర నాకెందుకు? చెల్లే నేనూ ఒకే దుప్పటి కింద పెరిగినవాళ్లం. గోడ కట్టాక ఆ కన్నం దగ్గర వంగి మాట్లాడుకుంటుంటే, పెద్దవాళ్లెవరైనా దగ్గితే చాలు లేచి పోయేవాళ్లం. ఇప్పుడు తీగ చూస్తున్నామని చెప్పి ఎంతసేపైనా కూర్చోవచ్చు.

కంప్యూటర్ అతను చెల్లెవాళ్లది పెట్టి చూసి, ఆపి, మా ఇంటికొచ్చి మాది పెట్టి చూశాడు. రెండూ బాగున్నాయన్నాడు. మర్నాడు పొద్దున బాపు స్నానం చేసి, సాంగ్లీ ధర కోసం కుర్చీలో కూర్చున్నాడు. తెర మీద ఇంగ్లీషులో ఏదో చిన్న డబ్బా వచ్చింది.

"ఏమంటున్నదే?"

"ఏమో బాపు. ఓకే అని ఉంది."

"ఓకే అంటె కొట్టు మల్ల."

కొట్టాను. ఇంటర్నెట్ లేదు. సాంగ్లీ లేదు. చెల్లెను కేకేస్తే వాళ్లది బ్రహ్మాండంగా నడుస్తోంది. మర్నాడు మాది నడిచింది, వాళ్లది ఆగింది. ఆ తర్వాత రోజు పొద్దున మాది ఆగి, మధ్యాహ్నం దానంతటదే బాగుపడింది. నాకు తల తిరిగిపోయింది. చెడిపోయింది చెడిపోయినట్టు పడి ఉండాలి కదా, ఇదేం చెడిపోవడం?

తలా ఒక కారణం కనిపెట్టాం. వాన పడ్డ రోజు ఆగితే తడి అన్నాం, ఎండ రోజు ఆగితే వేడి అన్నాం. ఎలుక కొరికిందని అమ్మ తీగ పొడవునా చేత్తో తడిమి చూసింది. తీగకు గాటు లేదు. అంగడికి పోయే తొందరలో ఒక రోజు బాపు దాని నెత్తి మీద రెండు దెబ్బలేశాడు, కాకతాళీయంగా ఆ రోజు నడిచింది. ఆ తర్వాత ప్రతి పొద్దున్నా పాపం దానికి దెబ్బలే. ఇవేవీ కుదరని రోజు ఇద్దరిళ్లల్లోనూ ఒకటే మాట. "వాడే పీకిండు" అని బాపు, "వాళ్లే పీకిన్రు" అని కాక. తీగ పెట్టిన చోటే ఉంది కదా అని నేనంటే బాపు నా మీద కస్సుమనేవాడు.

కంప్యూటర్ అతన్ని మళ్లీ పిలిచాం. అతను లోపలి కార్డు ఊడదీసి, ఊది, మళ్లీ పెట్టాడు. ఏవో అంకెలు మార్చాడు. ఆ పాత సిస్టంలో చీమంత మార్పు చేసినా, ముందు సీడీ పెట్టమని అడిగేది, ఆ తర్వాత మొత్తం ఆపి మళ్లీ మొదలుపెట్టమనేది. రెండిళ్లకూ కలిపి సీడీ ఒకటే. అది కన్నంలోంచి అటూ ఇటూ తిరిగి తిరిగి గీతలు పడిపోయింది. చివరికి అతను చేతులు దులుపుకుని, "పాతది సార్. ఇది గింతే. కొత్త సిస్టం తీసుకోండ్రి" అన్నాడు. కొత్తది తీసుకుంటే కాక దాని ముందు తనది ఓడిపోయినట్టుంటుంది కాబట్టి బాపు ఒప్పుకోలేదు.

అంతా పోయి, నేనూ చెల్లే మిగిలాం. కంప్యూటర్ అతను కీబోర్డు మీద వేళ్లు ఆడిస్తుంటే చూసి ఒక విద్య నేర్చుకున్నాం. నల్ల తెర తెరిచి అవతలి కంప్యూటర్ అంకె కొడితే, మనది దాన్ని పలకరిస్తుంది. అది వింటే జవాబు వస్తుంది, వినకపోతే టైం అయిపోయిందని రాస్తుంది. ఆ పలకరింపు అటు తెర మీద కూడా కనబడుతుందనుకుని, నేను ఇటు కొట్టి, "వచ్చిందా?" అని అరిచేదాన్ని. అటు నుంచి "రాలే!" అని చెల్లె. తర్వాత చెల్లె కొట్టేది, అడిగేది, నేను రాలేదనేదాన్ని. దారిన పోయేవాళ్లు ఏం వస్తుందని ఎదురు చూస్తున్నామనుకున్నారో ఏమో.

ఒక ఆదివారం చెల్లె తలస్నానానికి పోయింది. నేను బల్ల కింద దూరి తీగ చివర గట్టిగా అదిమి పట్టుకున్నాను. తెర చూడమని బాపును కూర్చోబెట్టాను. ఆయన నేను చెప్పింది కొట్టి, మా అలవాటు చొప్పున గోడ వైపు తిరిగి, "వచ్చిందా?" అని గట్టిగా అడిగాడు.

అటు నుంచి "రాలే!" అని వినిపించింది. అది కాక గొంతు.

ఇన్నేళ్లకు అన్నదమ్ముల మధ్య నడిచిన మాట అదొక్కటి. బాపు కుర్చీలో కదల్లేదు. కాసేపాగి ఆయన లేచి, చెప్పులేసుకుని, ఎండలో ఎటో పోయాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చి, తీగ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను.

ఆ తర్వాత వంతు మారి అవ్వ కాక ఇంటికి పోయింది. అట్లా పోయిన కొన్నాళ్లకే, ఇక కొంగున కట్టే పని కూడా లేకుండా, కాక మాట చెల్లె నోట కన్నంలోంచి వచ్చింది. దసరాకు ముందు గోడకు ప్లాస్టరింగ్ చేయిస్తున్నాడట. తాపీ మేస్త్రితో మాట్లాడాడట.

"తీగ నడిస్తే ఉంచుతడంట అక్కా. నడవకుంటె పీకి కన్నం మూసేస్తడంట. ఎలుకలకు తొవ్వ ఎందుకు అంటుండు."

బాపుకు చెప్పాను. "మూసుకోమను. నేనేమన్న అడుక్కున్ననా?" అన్నాడు కానీ, ఆ పూట అన్నం కలుపుతూనే కూర్చున్నాడు. నాకైతే భయం పట్టుకుంది. ఆ కన్నం కూడా పోతే చెల్లె నాకు వీధి చివర కనబడే మనిషైపోతుంది. అవ్వ కాళ్లు చూస్తే రేపో మాపో ఆ వీధి దాటడమూ ఆగిపోయేట్టున్నాయి. ఆ మీద ఏ ఇంట్లో ఆగిపోతే ఆ ఇంటికే అవ్వ. అవతలి కొడుక్కి అవ్వ లేనట్టే.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. వచ్చాక చెల్లె ముందు పెట్టుకుంది, వాళ్లది నడిచింది. నేను వెనక పెట్టాను, మాది ఆగింది. మళ్లీ కరెంటు పోయింది. ఈసారి నేను ముందు పెట్టాను. మాది నడిచింది, వాళ్లది ఆగింది. నేను గోడకు నోరు ఆనించి, "చెల్లే, రెండూ ఆపి మల్ల పెడదాం. ముందు నువ్వు పెట్టు" అన్నాను. కావాలని ఎన్నిసార్లు చేసినా అంతే. ముందు లేచిందానికే ఇంటర్నెట్. వెనక లేచింది మూగది. వానా ఎండా ఎలుకా, బాపు వేసిన దెబ్బలూ, అన్నీ ఉత్తవే.

అప్పుడు మొదటిసారి ఆ చిన్న డబ్బాను ఓకే కొట్టకుండా అట్లాగే ఉంచి, డిక్షనరీ పక్కన పెట్టుకుని, మాట మాటా కూడబలుక్కున్నాను. మీరు పెట్టిన పేరును నెట్‌వర్క్‌లో ఇప్పటికే వేరే ఎవరో వాడుతున్నారు, ఇంకో పేరు పెట్టుకోండి అని దాని అర్థం.

"చెల్లే, మీ కంప్యూటర్‌కు పేరేం పెట్టిన్రు?"

"పేరా? ఆగు... తాత పేరే. మా బాపు పెట్టుమన్నడు. మీదేంది?"

"మాదీ అదే" అన్నాను. గేట్ల మీద ఉన్న రెండు పలకలు కళ్ల ముందు కనబడ్డాయి. పోస్ట్‌మ్యాన్ ఏదో ఒక గేట్లో పడేసి పోయేవాడు కానీ, ఈ పాత డబ్బా అట్లా పడేసే రకం కాదు. అర్థమయ్యాక చెల్లే నేనూ గోడకు చెరో పక్క కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాం.

ఆ నవ్వులోనే నోరు జారాను. గుట్టుగా మా దాని పేరు మార్చేస్తే అక్కడికి తీరిపోయేది. సంతోషం ఆగక బాపుకు చెప్పేశాను. అటు చెల్లే అదే పని చేసింది.

"పెద్ద కొడుకును నేను. నాయిన పేరు నేనెందుకు తీస్త? వాన్నే తీసుకొమ్మను" అన్నాడు బాపు.

"నాయిన పానం నా చేతుల పోయింది. నేను తియ్య" అన్నాడట కాక.

తాత పేరు వెనక చిన్న అంకె పెడదామంది చెల్లె. అయితే ఒకటి ఎవరు, రెండు ఎవరు? మళ్లీ మొదటికొచ్చింది. కారణం తెలియనంత కాలం కనీసం ఎలుకను తిట్టుకున్నాం. ఇప్పుడు అంతా తెలిసీ ఏమీ చేయలేకపోవడం నాకు అంతకన్నా అయోమయంగా ఉండేది. ఒక పేరు కోసం ఇంత పట్టేమిటి? ఇద్దరికీ తండ్రే కదా? ఇద్దరికీ అంత ఇష్టమైన మనిషి పేరే అడ్డం పడటమేమిటి? బాపునడిగితే తిడతాడు. అమ్మనడిగితే, "నాకు తెల్వదు బిడ్డా, నీకు తెలిస్తె నాకు చెప్పు" అంది.

మేస్త్రి రావాల్సిన రోజు పొద్దున్నే బాపు యార్డుకు పోలేదు. టీ గ్లాసు చేతిలో పట్టుకుని కంప్యూటర్ ముందు నిలబడ్డాడు.

"మార్చు" అన్నాడు.

"ఏది బాపు?"

"పేరు. తీసెయ్. నాయిన పేరు వానికే ఉండనియ్."

నేను ఆయన దిక్కు చూడలేదు. "మరేం పేరు పెట్టాలె?" అని అడిగాను.

"అవ్వ పేరు పెట్టు."

పెట్టాను. సీడీ అడిగింది, ఇచ్చాను. ఆపి మొదలుపెట్టమంది, పెట్టాను. బాపు టీ తాగడం మర్చిపోయి చూస్తున్నాడు. తెర వెలిగింది. మళ్లీ ఆ చిన్న డబ్బా వచ్చింది. ఈ పేరు ఇప్పటికే వేరే ఎవరో వాడుతున్నారట.

నేను నెత్తి పట్టుకున్నాను. పాత పేరు లోపలెక్కడో ఇరుక్కుపోయిందేమోనని మళ్లీ వెతికాను. తాత పేరు ఎక్కడా లేదు. ఉన్నది అవ్వ పేరే, ఒక్క అక్షరం తప్పు పోలేదు.

"చెల్లే! మీ దాన్ని ఏమన్న చేసినవా?"

"పొద్దుగాల పేరు మార్చిన అక్కా. మా బాపే మార్చుమన్నడు. తాత పేరు మీకే ఉండనియ్యుమన్నడు."

"ఏం పేరు పెట్టినవే?"

"అవ్వది."

బాపు విన్నాడు. అటు కాక కూడా అక్కడే ఉన్నట్టున్నాడు. గోడ అవతల మంచం కిర్రుమంది.

"ఏమైందే? నా పేరంటున్నరేంది?" అంది అవ్వ.

చెల్లె ఆమెకు అర్థమయ్యేట్టు చెప్పింది. రెండు మిషన్లకూ నీ పేరే పెట్టారనీ, ఒకటే పేరు రెండిళ్లల్లో ఉంటే అది నడవదనీ. అవ్వ గొంతు కన్నంలోంచి స్పష్టంగా మా ఇంట్లోకి వినిపించింది.

"గదేం తప్పన్నది? నిజమే అన్నది. నేనొక్కదాన్నే గదరా. ఒక్కపారే రెండిండ్లల్ల ఎట్లుంట?"

బాపు గ్లాసు కింద పెట్టి, మోకాళ్ల మీద గోడ దగ్గర కూలబడ్డాడు. ఆయన ఏడుస్తుంటే నేను అప్పటిదాకా చూడలేదు.

మేస్త్రి వచ్చింది అప్పుడే. సిమెంటు బస్తా కాక వాకిట్లో దింపి, "మూయాల్సిన సందు ఏడుంది సేటూ?" అని కాకను అడుగుతున్నాడు. కాక జవాబు చెప్పే లోపలే బాపు గోడకు చెయ్యి ఆనించి, ఈసారి అవ్వ కొంగును వెతుక్కోకుండా, నేరుగా పిలిచాడు.

"తమ్మీ."

"ఏందన్నా" అన్నాడు కాక, గోడ దగ్గరికి వచ్చి.

"అవ్వకు మోకాళ్లు వస్తలేవు. సడక్ మీదికెళ్లి ఎన్నొద్దులు తిప్పుతం? గా సందున్న కాడ్నే ఒక దర్వాజ పెడితె ఎట్లుంటది?"

"అవ్వ మంచం పట్టేంత పెట్టాలె మల్ల" అన్నాడు కాక.

ఆ దసరాకు ప్లాస్టరింగ్ కాలేదు. గోడ మధ్యలో మంచం పట్టేంత తలుపు వచ్చింది. కంప్యూటర్ల సంగతి నేనూ చెల్లే ఎవరినీ అడగకుండా తేల్చేశాం. మా దానికి పసుపు అనీ, వాళ్ల దానికి చెరుకు అనీ పెట్టాం. ఆ పాత సిస్టంలోనే రెండూ కలిసి, చాలాకాలం ఏ గొడవా లేకుండా నడిచాయి. బాపు పొద్దున్నే సాంగ్లీ ధర చూసి, తలుపు తోసుకుని పోయి అవ్వకు చెప్పి వచ్చేవాడు.

గొళ్లెం ఏ దిక్కు ఉండాలన్న దగ్గర మాత్రం మళ్లీ లొల్లి మొదలైంది. పెద్దవాన్ని కాబట్టి మా దిక్కున అని బాపు, తీగ వచ్చేది తన ఇంట్లోంచి కాబట్టి తన దిక్కున అని కాక. రెండు దిక్కులా పెడితే అసలు తలుపెందుకని అవ్వ ఇద్దరినీ తిట్టింది. అవ్వ పోయి ఏళ్లు గడిచాయి. ఆ పంచాయితీ తెగలేదు, ఆ తలుపుకు ఈ రోజుకీ గొళ్లెం లేదు.